ఉబ్బసం ఉంటే గుండెకు ఎంత ముప్పు?

ఉబ్బసానికి పల్మనాలజిస్టు దగ్గరికి వెళ్తాం, ఛాతీ నొప్పికి కార్డియాలజిస్టు దగ్గరికి. ఆసుపత్రిలో రెండూ వేర్వేరు అంతస్తులు, వేర్వేరు ఓపీ చీటీలు. కానీ గత పదిహేను, ఇరవై ఏళ్లుగా లక్షల మంది ఆరోగ్య రికార్డులను తిరగేసిన పరిశోధకులకు ఒక సంగతి పదేపదే ఎదురవుతోంది. పెద్దవారిలో ఉబ్బసం ఉన్నవారికి, అందులోనూ అది అదుపులో లేనివారికి, గుండెపోటు, పక్షవాతం, గుండె లయ తప్పడం వంటివి మిగతావారికంటే ఎక్కువగా వస్తున్నాయి. ఎంత ఎక్కువ? ఎవరికి ఎక్కువ? తప్పు జబ్బుదా, మందుదా, లేక రెండింటి వెనకా ఉన్న మరో అలవాటుదా? ఒక్కో అంకె పట్టుకుని చూద్దాం.

3.43 కోట్లు: మన దేశంలో ఉబ్బసం ఉన్నవారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవారు 26.2 కోట్ల మంది. ఆ ఏడాది ఆ జబ్బుతో పోయినవారు 4.55 లక్షలు. ఇందులో మన వాటా దగ్గరికి వచ్చేసరికి అంకెలు కలవరపెడతాయి. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అంచనాల్లో భారతదేశంలో ఉబ్బసం ఉన్నవారు 3.43 కోట్లు, అంటే ప్రపంచంలో సుమారు 13 శాతం. ఉబ్బసం మరణాల్లో మాత్రం మన వాటా 42 శాతం పైమాటే. రోగులు ఎనిమిది మందిలో ఒకరు, మరణాలు అయిదింటిలో రెండు. ఈ తేడాకు పెద్ద కారణం సరైన మందు సరైన సమయంలో అందకపోవడం.

ఇక గుండె, రక్తనాళాల జబ్బులు. 2019లో వీటితో ప్రపంచవ్యాప్తంగా 1.79 కోట్ల మంది చనిపోయారు. అది మొత్తం మరణాల్లో 32 శాతం. భారతదేశంలో 2016 నాటి అంచనా 28.1 శాతం. రెండు జబ్బులూ ఇంత విస్తారంగా ఉన్నప్పుడు ఒకే మనిషిలో రెండూ కాకతాళీయంగా కూడా కలుస్తాయి. కాబట్టి ‘మా పెదనాన్నకు ఉబ్బసం ఉండేది, చివరికి గుండెపోటుతో పోయాడు’ అన్నంత మాత్రాన అది రుజువైపోదు. ఉబ్బసం ఉన్నవారినీ లేనివారినీ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి లెక్కపెడితేనే తేలుతుంది.

1.40 రెట్లు: రెండు లక్షల మందిని చూస్తే

అలాంటి పెద్ద లెక్క ఒకటి 2012లో వెలువడింది. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే వైద్యసంస్థ పరిధిలో ఉబ్బసం ఉన్న 2,03,595 మంది పెద్దవారిని తీసుకున్నారు. ప్రతి ఒక్కరికీ అదే వయసు, అదే లింగం, అదే జాతి నేపథ్యం ఉన్న, ఉబ్బసం లేని ఒకరిని జతగా ఎంచుకున్నారు. ఇతర కారణాల ప్రభావాన్ని లెక్కకట్టి తీసేశాక కూడా ఉబ్బసం ఉన్నవారిలో గుండె రక్తనాళాల జబ్బు 1.40 రెట్లు, మెదడు రక్తనాళాల జబ్బు 1.20 రెట్లు, హార్ట్ ఫెయిల్యూర్ 2.14 రెట్లు ఉన్నట్టు తేలింది. ఉబ్బసం మందులు వాడుతున్నవారిలో, ముఖ్యంగా స్టెరాయిడ్ మాత్రలు మింగేవారిలో, ముప్పు ఇంకా ఎక్కువ కనిపించింది.

ఇక్కడ కాస్త ఆగాలి. మందు వాడేవారిలో ముప్పు ఎక్కువంటే మందే కారణమని అర్థం కాదు. జబ్బు ముదిరినవారే ఎక్కువ మందులు వాడతారు. తేడా మందు వల్లా, జబ్బు తీవ్రత వల్లా అన్నది ఈ ఒక్క అంకెతో తేలదు. హార్ట్ ఫెయిల్యూర్ అంకె అంత పెద్దదిగా కనబడటానికి మరో కారణం కూడా ఉండొచ్చు. గుండె బలహీనపడితే వచ్చే ఆయాసాన్ని మొదట్లో ఉబ్బసం అనుకోవడం డాక్టర్లకు తెలిసిన పొరపాటే. దాని సంగతి కింద చూద్దాం.

వందకు 16, వందకు 10: రెట్లను మనుషుల్లోకి మారిస్తే

‘ముప్పు 60 శాతం ఎక్కువ’ అని వార్త వస్తే గుండె గుభేలుమంటుంది. ఆ 60 శాతం దేనిమీద అన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో 45 నుంచి 84 ఏళ్ల వారితో 2000లో మొదలైన ‘మెసా’ అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. అందులో గుండె జబ్బు లేని 6,792 మందిని సగటున తొమ్మిదేళ్లకు పైగా గమనించారు. ఉబ్బసాన్ని రెండు రకాలుగా విడదీశారు. రోజూ నియంత్రణ మందు వాడాల్సి వచ్చేది నిరంతర ఉబ్బసం. అప్పుడప్పుడు వచ్చిపోయేది విడతల ఉబ్బసం. గుండెపోటు, పక్షవాతం వంటివేవీ రాకుండా మిగిలినవారు ఉబ్బసం లేనివారిలో 90.2 శాతం, విడతల ఉబ్బసం ఉన్నవారిలో 91.1 శాతం, నిరంతర ఉబ్బసం ఉన్నవారిలో 84.1 శాతం. సుమారుగా చెప్పాలంటే, ఆ వ్యవధిలో ఉబ్బసం లేని వంద మందిలో పది మందికి గుండె, రక్తనాళాల సమస్య వస్తే, నిరంతర ఉబ్బసం ఉన్న వంద మందిలో పదహారు మందికి వచ్చింది. వందకు ఆరుగురు అదనం. విడతల ఉబ్బసం ఉన్నవారికి తేడా ఏమీ లేదు.

వయసు, బీపీ, షుగర్, పొగ అలవాటు వంటివి సరిచేశాక నిరంతర ఉబ్బసానికి వచ్చిన ముప్పు 1.6 రెట్లు. అయితే ఈ గుంపులో ఉన్నది 156 మందే. అందుకే పరిశోధకులు అసలు విలువ 1.01కీ 2.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని కూడా చెప్పారు. 1.01 అంటే దాదాపు తేడా లేనట్టే, 2.5 అంటే చాలా పెద్ద తేడా. పత్రికలో శీర్షికకెక్కే 1.6 ఆ రెండింటి మధ్య ఉన్న ఒక అంచనా. ఇంకో సంగతి, మెసాలో తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, చైనా మూలాలవారు ఉన్నారు. భారతీయులు లేరు.

రెట్లు ఒకటే అయినా మనిషిని బట్టి ఫలితం మారుతుంది. ఉదాహరణకు, బీపీ, షుగర్ లేని 35 ఏళ్ల మనిషికి పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం వందకు ఒకటి అనుకుందాం. 1.6తో హెచ్చిస్తే అది ఒకటిన్నర దాటుతుంది, అంతే. అదే షుగరూ, బీపీ, సిగరెట్టూ ఉన్న 60 ఏళ్ల మనిషికి వందకు 20 అనుకుంటే, 32 అవుతుంది. కంగారుపడాల్సింది మొదటివారు కాదు. రెండోవారికి మాత్రం ప్రతి అదనపు భారమూ లెక్కే.

57 శాతం: పెద్దయ్యాక మొదలైన ఉబ్బసం

చిన్నప్పటి నుంచి ఉన్న ఉబ్బసం, పెద్దయ్యాక వచ్చిన ఉబ్బసం పేరుకు ఒకటే, తీరు వేరు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1,269 మందిని సుమారు 14 ఏళ్లు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 18 ఏళ్లు దాటాక ఉబ్బసం బయటపడినవారిలో గుండె, రక్తనాళాల ముప్పు 57 శాతం ఎక్కువ కనిపించింది. బాల్యంలో మొదలైనవారిలో అంత తేడా కనిపించలేదు. అంతకుముందు 2008లో వచ్చిన ‘ఆరిక్’ అధ్యయనం ఆడవారి సంగతి విడిగా చెప్పింది. పెద్దయ్యాక ఉబ్బసం వచ్చిన ఆడవారిలో గుండె రక్తనాళాల జబ్బు 2.10 రెట్లు, పక్షవాతం 2.36 రెట్లు. మగవారిలో అంతటి సంబంధం కనిపించలేదు.

పెద్దయ్యాక వచ్చే ఉబ్బసం చాలావరకు అలర్జీతో ముడిపడి ఉండదు. తరచూ అధిక బరువుతో కలిసి వస్తుంది, మందులకు త్వరగా లొంగదు, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని వేగంగా తగ్గిస్తుంది. నలభై దాటాక ఆయాసం మొదలైతే ‘వయసు మీద పడింది, మెట్లు ఎక్కలేకపోతున్నా’ అని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో, ముఖ్యంగా ఆడవారిలో మామూలే. పై అంకెలు వారికోసమే.

67 శాతం: మెడలోని రక్తనాళాల్లో

సంబంధం ఉందన్నారు సరే, ఊపిరితిత్తుల్లోని జబ్బు రక్తనాళాల దాకా ఎలా పాకుతుంది? మెసా బృందమే 2022లో 5,029 మంది మెడకు అల్ట్రాసౌండ్ చేసిన ఫలితాలు బయటపెట్టింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనుల్లో కొవ్వు పూడికలు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి అని చూశారు. ఉబ్బసం లేనివారిలో 50.5 శాతం మందికి, విడతల ఉబ్బసం ఉన్నవారిలో 49.5 శాతం మందికి, నిరంతర ఉబ్బసం ఉన్నవారిలో 67 శాతం మందికి పూడికలు కనిపించాయి. నిరంతర ఉబ్బసం గుంపులో ఒక్కొక్కరికి సగటున రెండు పూడికలు, లేనివారిలో ఒకటి. వారి రక్తంలో ఐఎల్-6 అనే పదార్థం కూడా ఎక్కువగా ఉంది.

ఐఎల్-6 శరీరంలో ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తు. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒంట్లో రోగనిరోధక కణాలు రేగడం వల్ల వచ్చే వాపు, మంట. ఉబ్బసంలో శ్వాసనాళాల గోడలు ఇలాగే వాచి, జిగురు ఊరి, సన్నబడతాయి. గుండె ధమనుల్లో పూడిక పెరగడానికీ, అది చిట్లి గడ్డకట్టడానికీ కూడా కొలెస్ట్రాల్‌తో పాటు ఇదే కారణం. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఒక్క ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందా అని చేసిన ‘కాంటోస్’ అనే పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అప్పటికే గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కొందరికి కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం 15 శాతం తగ్గాయి. ఆ పరీక్ష ఉబ్బసం మీద చేసింది కాదు. కానీ ఒంట్లో ఆరని మంట గుండెకు కీడు చేస్తుందన్న మాటకు అది గట్టి సాక్ష్యం.

94,079 మంది: అవతలి వాదన

అన్ని లెక్కలూ ఒకే దారిలో లేవు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో 94,079 మందిపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం, ఉబ్బసం ఉన్నవారి భవిష్యత్తు దెబ్బతినడానికి ప్రధాన కారణం పొగతాగడమేనని తేల్చింది. పొగ ముట్టనివారికీ, ముట్టినవారికీ మధ్య ఉన్న అంతరమే అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఇప్పటిదాకా చెప్పుకున్న ఉబ్బసం అధ్యయనాలన్నీ మనుషుల్ని గమనించి లెక్కపెట్టినవే. ఇలాంటివి సంబంధాన్ని చూపగలవు, కారణాన్ని తేల్చలేవు. పొగ, అధిక బరువు, నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ అప్నియా, కాలుష్యం, ఆయాసం భయంతో నడక మానేయడం, ఇవన్నీ అటు ఊపిరితిత్తులనూ ఇటు గుండెనూ దెబ్బతీస్తాయి. వాటి ప్రభావాన్ని లెక్కల్లో పూర్తిగా విడదీయడం కష్టం. బ్రిటన్ డాక్టర్లు పదేళ్ల గుండె ముప్పును అంచనా కట్టడానికి వాడే క్యూరిస్క్-3 లెక్కలో కీళ్లవాతం గురించీ, క్రమం తప్పకుండా మింగే స్టెరాయిడ్ మాత్రల గురించీ ప్రశ్నలున్నాయి. ఉబ్బసం గురించి ప్రశ్న లేదు.

7.5 మిల్లీగ్రాములు: పీల్చే మందు వేరు, మింగే మందు వేరు

‘ఇన్‌హేలర్ గుండెకు మంచిది కాదట, అలవాటైపోతుందట’ అన్న మాట ఊరూరా వింటాం. అంకెలు చెప్పేది దాదాపు దీనికి తిరగబడిన కథ.

ఉబ్బసాన్ని అదుపులో ఉంచే పీల్చే స్టెరాయిడ్ ఒక పఫ్‌లో, ఉదాహరణకు బ్యుడెసొనైడ్ అయితే, సాధారణంగా 200 మైక్రోగ్రాములు ఉంటుంది. ఉబ్బసం తీవ్రంగా తిరగబెట్టినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రల మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాములు. అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం వేరువేరైనా, బరువులో తేడా 200 రెట్లు. పైగా పీల్చింది నేరుగా శ్వాసనాళాల్లోకి వెళ్తుంది, మింగింది ఒళ్లంతా తిరుగుతుంది.

స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంతంలో స్టెరాయిడ్ వాడిన 68,781 మందిని, వాడని 82,202 మందితో పోల్చి 2004లో ఒక లెక్క వేశారు. రోజుకు ప్రెడ్నిసొలోన్ 7.5 మిల్లీగ్రాములు, అంతకుమించి వాడినవారిలో గుండె, రక్తనాళాల సమస్యలు 2.56 రెట్లు ఎక్కువ. ఈ గీత మనకు ఎంత దగ్గరో చూడండి. ఆయాసానికి చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చుకునే డెక్సామెథసోన్ అర మిల్లీగ్రాము బిళ్ల పరిమాణంలో చిన్నదే. కానీ ముప్పావు మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. పూటకొకటి చొప్పున మూడు బిళ్లలు వేసుకుంటే పది మిల్లీగ్రాములు మింగినట్టే. నెలల తరబడి ఇలా సాగితే బీపీ, షుగర్, బరువు మూడూ పెరుగుతాయి. అయితే, ఎక్కువకాలంగా వాడుతున్నవారు వీటిని ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రాణాంతకమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక వెంటనే ఊపిరి అందించే సాల్బుటమాల్ వంటి మందులు. 2004లో అనేక పరీక్షలను కలిపి చూస్తే, ఈ జాతి మందు ఒక్క మోతాదుతో గుండె నిమిషానికి సగటున 9 సార్లు అదనంగా కొట్టుకుంది, రక్తంలో పొటాషియం 0.36 పాయింట్లు తగ్గింది. గుండె ఆరోగ్యంగా ఉన్నవారికి అప్పుడప్పుడు తీసుకుంటే ఇది పెద్ద విషయం కాదు. అదే పనిగా పీలుస్తూ పోతేనే చిక్కు. ఒక సాల్బుటమాల్ డబ్బాలో 200 పఫ్‌లుంటాయి. ఏడాదికి మూడు డబ్బాలు, అంతకుమించి ఖర్చవుతుంటే ఉబ్బసం అదుపులో లేదని లెక్క. నెలకో డబ్బా చొప్పున ఏడాదికి పన్నెండు ఖర్చయ్యేవారిలో ఉబ్బసంతో మరణించే ముప్పు పెరుగుతుంది. అందుకే అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు రూపొందించే ‘జీనా’ 2019లో దారి మార్చింది. పెద్దవారు సాల్బుటమాల్ ఒక్కదానిమీదే ఆధారపడకూడదని, పీల్చే స్టెరాయిడ్ కూడా తప్పక ఉండాలని చెప్పింది.

7 శాతం: గుండె మందు ఊపిరి ఆపితే

గుండెపోటు అనుమానం రాగానే ముందు ఇచ్చేది ఆస్పిరిన్. పెద్దవారిలో ఉబ్బసం ఉన్న వంద మందిలో సుమారు ఏడుగురికి ఆస్పిరిన్‌తోనూ, దాని జాతి నొప్పి మందులతోనూ ఉబ్బసం తిరగబెడుతుంది. తీవ్ర ఉబ్బసం ఉన్నవారిలో ఇది 15 శాతం దాకా ఉంటుంది. ముక్కులో కండలు పెరగడం, వాసన తెలియకపోవడం ఉన్నవారిలో ఈ అనుమానం ఎక్కువ. తలనొప్పి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో ఎప్పుడైనా పిల్లికూతలు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

బీటా బ్లాకర్లదీ ఇలాంటి కథే. ప్రొప్రనొలాల్‌ను మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు, ఆందోళనకు కూడా రాస్తుంటారు. అది శ్వాసనాళాలను బిగదీస్తుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. గ్లకోమాకు వాడే టిమొలాల్ కంటిచుక్కలు కూడా అంతే. కంట్లో వేసిన చుక్క ఊపిరి దాకా వస్తుందని చాలామందికి తోచదు. బిసొప్రొలాల్, మెటొప్రొలాల్ వంటివి ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి. అవసరమైతే డాక్టర్లు వీటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, గమనిస్తూ ఇస్తారు. ఉబ్బసం పేరు చెప్పి గుండె రోగికి అవసరమైన మందు ఎగ్గొట్టడమూ తప్పే.

12 శాతం, 200 మిల్లీలీటర్లు: అది అసలు ఉబ్బసమేనా?

రాత్రి పడుకున్న గంటా రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చోవడం, పిల్లికూతలు, దగ్గు. ఇవి ఉబ్బసంలోనూ ఉంటాయి, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడూ ఉంటాయి. రెండోదాన్ని డాక్టర్లు కార్డియాక్ ఆస్తమా అంటారు. పేరులో ఆస్తమా ఉన్నా అది గుండె జబ్బే. వెల్లకిలా పడుకుంటే ఆయాసం పెరగడం, పాదాల వాపు, నాలుగు రోజుల్లో బరువు పెరగడం గుండె వైపు వేలు చూపుతాయి.

తేల్చడానికి పరీక్షలున్నాయి. స్పైరోమెట్రీలో గొట్టంలోకి బలంగా ఊదించి, మందు పీల్పించి, మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసానికి బలం చేకూరుతుంది. గుండె సంగతి ఈసీజీ, ఎకో చెబుతాయి. బీపీ, షుగర్ ఉన్నవారికి యాభై దాటాక మొదటిసారి పిల్లికూతలు వస్తే ఈ రెండు వైపులా చూడకుండా ఇన్‌హేలర్ ఒక్కటి రాసి పంపడం సరికాదు.

నాలుగు ప్రశ్నలు: అదుపులో ఉందా, లేదా?

నార్వేలో 54,567 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను లెక్కించింది. డాక్టరు నిర్ధారించిన ఉబ్బసం ఉన్నవారిలో ముప్పు 38 శాతం ఎక్కువ. ఉబ్బసం అదుపులో లేనివారిలో 74 శాతం. ఇప్పటిదాకా చూసిన అంకెలన్నీ కలిపి చదివితే తేలేది ఇదే. ఉబ్బసం ఉందా లేదా అన్నదానికంటే, అది ఎంత అదుపులో ఉందన్నదే గుండెకు ముఖ్యం.

మన దగ్గర చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. భారతదేశంలో తొమ్మిది కేంద్రాల్లో జరిగిన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ సర్వేలో, పిల్లికూతలున్నవారిలో 82 శాతం మందికి, తీవ్ర ఉబ్బసం లక్షణాలున్నవారిలోనూ 70 శాతం మందికి అది ఉబ్బసమని ఎవరూ నిర్ధారించలేదు. పేరే పెట్టని జబ్బు అదుపులోకి ఎలా వస్తుంది? ఏటా మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వేల మంది బారులు తీరతారు. నమ్మకం ఎవరిది వారిదే. కానీ అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. వరుసలో నిలబడినా సరే, ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు.

అదుపు తెలుసుకోవడానికి జీనా చెప్పే ప్రశ్నలు నాలుగు. గడిచిన నాలుగు వారాల్లో పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? రాత్రి ఆయాసంతో ఒక్కసారైనా మెలకువ వచ్చిందా? ఊపిరి అందించే మందు వారానికి రెండుసార్లకు మించి వాడాల్సి వచ్చిందా? ఆయాసం వల్ల ఏ పనైనా మానుకున్నారా? అన్నిటికీ ‘లేదు’ అయితే అదుపులో ఉన్నట్టు. ఒకటి రెండు ‘అవును’లుంటే సగమే అదుపు. మూడు నాలుగుంటే అదుపు తప్పినట్టు.

పెద్దయ్యాక ఉబ్బసం వచ్చినవారూ, నలభై దాటిన ఉబ్బస రోగులూ ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితమే. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే ఇవాళే మానండి, రెండు జబ్బులకూ అంతకు మించిన మందు లేదు. నియంత్రణ ఇన్‌హేలర్‌ను బాగున్న రోజుల్లోనూ ఆపకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలతో కూడిన ఆయాసం వస్తే ‘ఉబ్బసమేలే’ అని పఫ్‌లు పీలుస్తూ ఇంట్లో కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.